ఓడలో ఉన్న కొడుకు

ఆ పాత చెక్క ఇంట్లో టీవీ లేదు. నేను అక్కడ పనికి కుదరడానికి అసలు కారణం అదే. చరిత్ర మీద ఇష్టం కొద్దీ వెళ్తున్నానని అందరికీ చెప్పేదాన్ని గానీ, స్కూల్లో నాకు చరిత్రలో ఏనాడూ మంచి మార్కులు రాలేదు.

ఇరాక్ యుద్ధం మొదలైన మరుసటి ఏడాది అది. టెలికాం కంపెనీలో నా ఉద్యోగం అంతకుముందే ఊడింది. మా ఆయన దేశానికి పడమటి వైపు చాండ్లర్‌లో ఏదో చిప్‌ల కంపెనీ ప్రాజెక్టు మీద సోమవారం విమానమెక్కితే మళ్లీ శుక్రవారమే దిగేవాడు. న్యూజెర్సీలో మా పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో నేనూ టీవీ మిగిలేవాళ్లం. తెర కింద పాకుతూ పోయే అక్షరాల్లో ‘ఇద్దరు సైనికులు మృతి’ అని వచ్చేది, మర్నాడు ఇంకో సంఖ్య వచ్చేది. పేర్లు ఉండవు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతే పొయ్యి మీద కూర మాడిపోయేది. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు.

తమ్ముడని పేరే గానీ వాణ్ని పెంచింది నేను. గుంటూరు నుంచి మేం ఇల్లినాయ్‌లో అరోరాకి వచ్చిన మరుసటి ఏడాది పుట్టాడు. వాడు రెండో తరగతిలో ఉండగా అమ్మ పోయింది, హైస్కూల్లో ఉండగా నాన్న పోయారు. వాడికి షూ లేసులు కట్టడం నేర్పింది నేను, కారు డ్రైవింగ్ నేర్పింది నేను, పేరెంట్ మీటింగుల్లో చిన్న కుర్చీల్లో ఇరుక్కుని కూర్చుంది నేను. అలాంటిది, కాలేజీ సగంలో వదిలేసి ఒకరోజు ఫోన్ చేసి, “అక్కా, ఆర్మీలో సైన్ చేశాను,” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మనవాళ్లు ఎవరైనా అలాంటి చోటికి వెళ్తారా అని అడిగాను.

“మనవాళ్లు అంటే ఎవరు, అక్కా?” అన్నాడు వాడు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు. ఫోన్ పెట్టేశాను.

వాడికి ట్రక్కులు నడిపే పని ఇచ్చారు. నీళ్లు, తిండి, డీజిలు ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి చేరవేయాలి. “నేను ఫైట్ చేయట్లేదు అక్కా, డెలివరీ బాయ్ అంతే,” అని నవ్వేవాడు. ఆ రోజుల్లో రోడ్ల మీద పేలుతున్నవన్నీ అలాంటి ట్రక్కుల కిందేనని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు.

అన్నిటికంటే మెయిల్స్ ఆగిపోవడం నరకం. వాళ్ల యూనిట్‌లో ఎవరైనా చనిపోతే, ఆ కుటుంబానికి కబురు చేరేదాకా అందరి ఫోన్లూ ఇంటర్నెట్టూ ఆపేస్తారు. అంటే మెయిల్ రాని ప్రతిసారీ ఎవరో ఒకరు పోయారన్నమాట. అది వాడేనా, ఇంకొకరా అన్నదే మిగిలే ప్రశ్న. మళ్లీ మెయిల్ వచ్చిందంటే ఇంకో ఇంట్లో ఏడుపు మొదలైందని అర్థం. అది తెలిసీ నేను దేవుడి ముందు దీపం పెట్టేదాన్ని. మనిషిలో ఎంత స్వార్థం దాగి ఉంటుందో ఆ ఏడాది నాకు బాగా తెలిసొచ్చింది.

లైబ్రరీ గోడ మీద ఒక కాగితం చూసి ఆ చెక్క ఇంటికి వెళ్లాను. ఊరి చరిత్ర సంఘం వాళ్లది. పాత ఉత్తరాలను చదివి కంప్యూటర్‌లో టైప్ చేసేవాళ్లు కావాలట, జీతం ఉండదట. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. స్కూల్ లైబ్రేరియన్‌గా చేసి రిటైరైంది, భర్త పోయాడు, మెత్తగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. మొదటిరోజు నా ముందు ఒక పేజీ పెట్టి చదవమంది. ఆ గొలుసుకట్టు ఇంగ్లీషు రాత నాకు చీమల బారులా కనిపించింది. తడబడుతూ చదివాను. ఒకచోట మాట అర్థం కాక, అదేదో అయ్యుంటుందని ఊహించి చెప్పాను.

“నీ ఊహ ఎవరికీ అక్కర్లేదు,” అంది. “కనిపించింది రాయి. కనిపించకపోతే కనిపించలేదని రాయి. ఖాళీ ఉంటే ఖాళీ అని రాయి.”

ఇంత పొగరేమిటి అనుకున్నాను. మర్నాడు మళ్లీ వెళ్లాను.

ఆ ఉత్తరాలు అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలం నాటి ఒక వర్తకుడివి. అతనికి న్యూజెర్సీలోనే ఒక నది ఒడ్డున గోదాము, రెండు చిన్న ఓడలు ఉండేవి. యుద్ధానికి ముందు పిండీ ఇనుమూ పంపి, లండన్ నుంచి గుడ్డలు తెప్పించేవాడు. యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. న్యూయార్క్ నగరం ఇంగ్లీషు సైన్యం చేతిలో ఉంది. ఇక మిగిలింది కరీబియన్ దీవుల దారి. అక్కడ ఉన్న తన భాగస్వామికి అతను రాసిన ఉత్తరాల నకళ్లు, అతనికి వచ్చిన ఉత్తరాలు, అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. సగం ఉత్తరాలు ఉప్పు గురించే. ఉప్పు లేకపోతే చలికాలానికి మాంసం నిల్వ చేసుకోలేరు, ఉప్పేమో సముద్రం అవతలి నుంచి రావాలి. ఉప్పు పంపు, ఎలాగైనా పంపు, తడిసినదైనా సరే పంపు. చదివీ చదివీ నాకు నోరంతా ఉప్పగా అనిపించేది.

ఆ కాలపు వర్తకులకు ఒక పద్ధతి ఉంది. ఒకే ఉత్తరాన్ని రెండు మూడు సార్లు రాసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. ఒక ఓడ మునిగినా, శత్రువు పట్టుకున్నా, ఇంకో ఓడలోది చేరుతుందని. ఇది నాకు ఎంత నచ్చిందంటే, తమ్ముడికి వెంటనే మెయిల్ పెట్టాను: ‘మెయిల్‌ని నమ్ముకోవద్దు, దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు ఆపేస్తున్నారు. కాగితం మీద కూడా రాయి.’ వాడు ముందు వెక్కిరించాడు, తర్వాత రాయడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు ఉత్తరమే, కానీ పైన ‘అక్కా’ అని మాత్రం తెలుగులో ఉండేది. చిన్నప్పుడు నేను చేయి పట్టుకుని దిద్దించిన అక్షరాలు అవి, అప్పటిలాగే ‘క్క’ కిందికి జారిపోయేది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మడిచి, వెనక వైపు మూడు ముక్కలు రాసేవాడు ఆ వర్తకుడు: ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎప్పుడు అందింది, జవాబు ఎప్పుడు ఇచ్చాను. పెట్టెలో ఉత్తరాలను అందిన వరుసలోనే కట్టలు కట్టి పెట్టాడు. మేమూ ఆ వరుసలోనే టైప్ చేసేవాళ్లం. రాబోయే పేజీలు ముందే తిప్పి చూడటానికి పెద్దావిడ ఒప్పుకునేది కాదు.

చలికాలానికి ముందు, ఒక కట్టలో కొడుకు సంగతి వచ్చింది. వర్తకుడి పెద్దకొడుకు సరుకు లెక్క చూసుకోవడానికి ఓడలో బయల్దేరాడు. ఓడను శత్రువు పట్టుకున్నాడు. కుర్రాణ్ని న్యూయార్క్ రేవులో తెరచాపలు పీకేసిన ఒక పాత ఓడలో బంధించారు. అలాంటి ఓడల్లో ఖైదీలను కిక్కిరిసేలా కుక్కి, పాచిపోయిన తిండి పెట్టేవాళ్లు. రోజూ పొద్దున్నే పైనుంచి కాపలావాళ్లు శవాలుంటే పైకి అందించమని అరిచేవాళ్లట. ఇదంతా పెద్దావిడ చాలా మామూలుగా చెప్పింది. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

“చివరికి ఏమైంది? బయటపడ్డాడా?”

“వరుసలో వస్తుంది.”

“మీకు తెలుసు కదా. చెప్పండి.”

“వాళ్ల నాన్నకి ఎప్పుడు తెలిసిందో నీకూ అప్పుడే తెలుస్తుంది,” అంది. “కూర్చో.”

న్యూయార్క్‌లో ఆ వర్తకుడికి ఒక పాత వ్యాపార మిత్రుడు ఉండేవాడు. యుద్ధం వచ్చాక అతను రాజు పక్షాన ఉండిపోయాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేసినవాళ్లు, కొడుకు కోసం మళ్లీ ఉత్తరాలు మొదలుపెట్టారు. తెల్లజెండా కట్టిన పడవల్లో అవి వెళ్లేవి. తండ్రి ఒక కంబళి పంపాడు, జున్ను పంపాడు, ఊలు మేజోళ్లు పంపాడు. నేనూ ఆ వారమే పోస్టాఫీసులో వరసలో నిలబడి తమ్ముడికి సాక్సులు, గోంగూర పచ్చడి సీసా పంపాను. సీసాని మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టాను. ఆ తండ్రి కూడా జున్నుకి రెండు గుడ్డలు చుట్టానని రాశాడు.

తమ్ముడికి ఇదంతా మెయిల్స్‌లో సీరియల్‌లాగా రాసేదాన్ని. వాడు ట్రక్కులో తోటివాళ్లకి చెప్పేవాడు. అవకాశం దొరికి ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న అదే: “షిప్‌లో ఆ కిడ్ ఎలా ఉంది, అక్కా?”

“ఎలా ఉన్నాడు అనాలిరా. మనిషి వాడు.”

“ఓకే, ఎలా ఉన్నాడు?”

“ఇంకా ఉన్నాడు.”

“మేము అందరూ వాడు బతకాలని రూట్ చేస్తున్నాం,” అనేవాడు. లైన్‌లో వెనక ఎవరో నవ్వడం, ఏదో యంత్రం మోత వినిపించేవి. నేను ఫోన్‌ని చెవికి నొప్పి పుట్టేలా అదుముకునేదాన్ని.

జనవరిలో ఒకరోజు మిత్రుడి ఉత్తరం వచ్చింది, అంటే మా కట్టలో వచ్చింది. యోగక్షేమాలు, మర్యాదలు, చలి ఎక్కువగా ఉందన్న మాటలు అయ్యాక చివర్లో ఇలా ఉంది: మీ అబ్బాయికి జ్వరం తగ్గలేదు, చాలా నీరసించి ఉన్నాడు, మీరు మనసు గట్టి చేసుకుని దేవుడి మీద భారం వేయండి.

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. “చనిపోయాడు,” అన్నాను.

పెద్దావిడ కళ్లజోడు పైనుంచి చూసింది. “అలా ఎక్కడ రాసి ఉంది?”

“రాసే ఉంది. మా వాళ్లు చావు కబురు ఇలాగే చెబుతారు. ఎవరైనా పోతే ఫోన్‌లో పోయారని అనరు. సీరియస్‌గా ఉంది, బయల్దేరి రమ్మంటారు. బస్సులో వచ్చేవాళ్లకి దారిలో సగం అర్థమవుతుంది, వీధి మలుపు తిరిగి ఇంటి ముందు జనాన్ని చూసేసరికి మిగతాది అర్థమవుతుంది. ఒక్కసారే చెబితే గుండె ఆగిపోతుందని.”

“అంటే అబద్ధం చెబుతారు.”

“అబద్ధం కాదు. మెత్తగా చెప్పడం.”

“మెత్తటి అబద్ధం. మా ఆయన పోయినప్పుడు డాక్టర్ నా మొహం మీదే చెప్పాడు. చనిపోయాడు అన్న మాటే వాడాడు. ఆ డాక్టర్‌కి నేను ఇప్పటికీ క్రిస్మస్ కార్డు పంపుతాను.”

నాకు కోపం వచ్చింది. మీకు మనుషుల మీద జాలి లేదు అన్నాను. మీకు మనుషుల మీద గౌరవం లేదు అంది ఆవిడ. తర్వాతి ఉత్తరంలో కుర్రాడు చనిపోయినట్టు ఉంది. మొదటి ఉత్తరం రాసే రోజుకే వాడు పోయాడు. మిత్రుడు కావాలనే రెండుసార్లుగా చెప్పాడు. పెద్దావిడ తేదీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

ఆ కబురు అందిన రోజే వర్తకుడు దీవిలోని భాగస్వామికి ఒక ఉత్తరం రాశాడు. మొదటి పేజీ నిండా ఉప్పే. ఎంత పంపాలి, పీపాలకి ఏ గుర్తు వేయాలి, ఏ రేవు భద్రం. రెండో పేజీ చివర, సంతకానికి పైన ఒక్క వాక్యం: నా పెద్దకొడుకు ఇక లేడు. దాని కింద మళ్లీ, ఉప్పు విషయం మరవొద్దు అని ఉంది. నాకు అసహ్యం వేసింది. ఇతను తండ్రా, తరాజా అనుకున్నాను.

తమ్ముడికి ఆ సంగతి రాయలేదు. ఎలా రాస్తాను? ఇంకా ఆ కట్ట విప్పలేదని రాశాను. ఆ తర్వాత వాడి మెయిల్స్ ఆగిపోయాయి.

అప్పటికి అలా ఆగిపోవడం చాలాసార్లు చూశాను కాబట్టి ఊపిరి బిగబట్టి పనికి వెళ్తూనే ఉన్నాను. మంచు పడుతున్న రోజు అది. మధ్యాహ్నం అయ్యుంటుంది, గోడ మీది ఫోన్ మోగింది. పెద్దావిడ తీసింది. చాలాసేపు విన్నది, రెండు మూడుసార్లు సరే అన్నది. ఫోన్ పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చి, నా ముందున్న ఫోల్డర్ మూసేసింది. వాక్యం మధ్యలో లేవడానికి ఎన్నడూ ఒప్పుకోని మనిషి ఆవిడ.

“కోటు వేసుకో. నేను డ్రైవ్ చేస్తాను.”

“ఎవరు ఫోన్‌లో?”

“మీ ఎదురు అపార్ట్‌మెంట్ అమ్మాయి.” ఆవిడ నా కోటు తీసి నా చేతికిచ్చింది. “మీ తమ్ముడికి కాస్త... బాగాలేదట. హాస్పిటల్‌లో ఉన్నాడట. నిన్ను ఇంటికి తీసుకురమ్మంది.”

కారులో ఆవిడ ఆపకుండా మాట్లాడింది. ఆర్మీ డాక్టర్లు చాలా గొప్పవాళ్లు. గాయపడిన వాళ్లని విమానంలో జర్మనీ తీసుకెళ్తారు, అక్కడి హాస్పిటల్ చాలా పెద్దది. ఈ రోజుల్లో దేనికైనా వైద్యం ఉంది. కుర్రవాడు కదా, శరీరం తట్టుకుంటుంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మెత్తగా ఉంది, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న గొంతులా ఉంది. వైపర్లు మంచును అటూ ఇటూ తోస్తున్నాయి. ఆవిడ స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని, నా వైపు మాత్రం చూడటం లేదు.

నాకు అప్పటికే తెలిసిపోయింది. కోటు అందిస్తున్నప్పుడే తెలిసిపోయింది.

“మీకు అబద్ధం చెప్పడం రాదు,” అన్నాను.

ఆవిడ రోడ్డు పక్కన డోనట్ల కొట్టు ముందు ఖాళీ స్థలంలోకి కారు తిప్పి ఆపింది.

“నాకు నేరుగా చెప్పండి.”

“మీ ఎదురింట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు,” అంది. “యూనిఫాంలో.” కాసేపటికి మళ్లీ అంది: “నీకు అలా చెబితేనే మంచిదనుకున్నాను. మీ పద్ధతి అన్నావు కదా.”

గాయమైతే ఆర్మీవాళ్లు ఫోన్ చేస్తారు. మనిషి పోతేనే ఇంటికి వస్తారు. అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నేను ఏడవలేదు. ఆవిడ ఏడ్చింది, చప్పుడు చేయకుండా, వేలితో కళ్లజోడు ఎత్తి పట్టుకుని. కొట్టు లోపల ఎవరో పిల్లాడికి పుట్టినరోజు టోపీ పెడుతున్నారు, అద్దంలోంచి కనిపిస్తోంది. కారు పోనీయండి అన్నాను.

ఎదురు అపార్ట్‌మెంట్ అమ్మాయిది వరంగల్. నన్ను అక్కా అనే పిలుస్తుంది. తలుపు తీసి నా చేతులు పట్టుకుంది. “నాకు ఏం చెప్పలే అక్కా వాళ్లు. నిన్నే అడిగిన్రు. చలిల నిలబడ్డరని లోపలికి రమ్మన్న. నాకేమో భయమై, తమ్ముడికి బాగలేదని గట్ల చెప్పిన...” అని వెక్కివెక్కి ఏడ్చింది. లోపల సోఫాలోంచి ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. వాళ్ల ముందు బల్ల మీద స్టీలు గ్లాసుల్లో టీ, చిన్న పళ్లెంలో మురుకులు. ఒక్కటీ ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

ఇద్దరిలో పెద్దతను నా పేరు సరిగ్గా పలకడానికి ముందే సాధన చేసుకుని వచ్చినట్టున్నాడు, తప్పు లేకుండా పలికాడు. ఆ తర్వాత ఒకే ఒక వాక్యం చెప్పాడు. తమ్ముడి పేరు, చనిపోయాడు అన్న మాట, ఊరు, రోడ్డు. అందులో మెత్తటి మాట ఒక్కటీ లేదు. పెద్దావిడ నా వెనకే నిలబడి ఉంది, ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉంది.

గుంటూరులో మా పిన్నికి చెప్పాలి. అమ్మ తరఫున వాడికి మిగిలింది ఆవిడే. ఫోన్ చేతిలోకి తీసుకుంటూ నేరుగానే చెప్పాలని గట్టిగా అనుకున్నాను. ఆ యూనిఫాం మనిషిలాగే ఒక్క వాక్యంలో చెప్పేయాలి.

“ఏమ్మా, ఇప్పుడు చేశావేంటి? పిల్లోడు ఫోన్ చేశాడా?” అంది పిన్ని.

“పిన్నీ, వాడికి...” అన్నాను. “వాడికి కొంచెం సీరియస్‌గా ఉందట, పిన్నీ.”

పిన్ని ఇంకో మాట అడగలేదు. ఏ హాస్పిటల్ అనలేదు, డాక్టర్లు ఏమన్నారనలేదు. అటువైపు నుంచి ఒక్కసారిగా ఏడుపు వినిపించింది. అప్పుడు నేనూ ఏడ్చాను.

వాణ్ని అరోరాలోనే, అమ్మానాన్నలకు జరిగినచోటే దహనం చేశాం. మడిచిన జెండా నా ఒళ్లో పెట్టారు. నాన్న స్నేహితులైన డాక్టర్లు, ఇంజనీర్లు కోట్లు వేసుకుని వచ్చి నిలబడ్డారు. మావాడు ఆర్మీలో ఉన్నాడని వాళ్లలో చాలామందికి ఆ రోజే తెలిసింది. ఒకాయన నా పక్కకి వచ్చి, అసలు ఎందుకు వెళ్లనిచ్చావమ్మా అన్నాడు. నేను నోరు తెరిచి ఉంటే ఆ పెద్దాయన ఆ గదిలో నిలబడగలిగేవాడు కాదు.

పార్సిప్పనీ తిరిగొచ్చిన మర్నాడు, వాడి సెల్‌ఫోన్ లైన్ ఆపించడానికి కస్టమర్ సర్వీస్‌కి ఫోన్ చేశాను. లైన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే మాట్లాడాలి అంది అటువైపు అమ్మాయి. ఆయన చనిపోయారమ్మా అన్నాను. అయినా ఆయనే మాట్లాడాలి అంది. గంటసేపు పోట్లాడాను, సూపర్‌వైజర్‌ని పిలవమన్నాను, గొంతు పోయేలా అరిచాను. పెట్టేశాక అద్దంలో చూసుకుంటే చాలా రోజుల తర్వాత మొహంలోకి రక్తం వచ్చినట్టుంది. అప్పుడు నాకు ఆ వర్తకుడి ఉప్పు గుర్తొచ్చింది. అతని మీద కోపం అక్కడితో పోయింది.

కొన్నాళ్లకి పోస్టు డబ్బాలో ఒక కవరు ఉంది. మట్టి రంగు మరకలు, నా చిరునామా, వాడి చేతిరాత. రావడానికి ఎప్పుడూ పట్టే టైమే పట్టింది. దాన్ని తెచ్చి దేవుడి అలమరాలో పెట్టి తలుపు వేశాను. మా ఆయన చాండ్లర్ ప్రాజెక్టు వదిలేసి వచ్చేశాడు. విప్పుదామా అని రెండుసార్లు అడిగి, ఆ తర్వాత అడగడం మానేశాడు.

మంచు కరిగాక మళ్లీ చెక్క ఇంటికి వెళ్లాను. పెద్దావిడ నా బల్లని కిటికీ దగ్గరికి జరిపించింది. ఎలా ఉన్నావని అడగలేదు, అందుకు మనసులో దండం పెట్టుకున్నాను. మేం ఆపిన చోటు నుంచి ఇంకో రెండు ఉత్తరాలు దాటాక ఆవిడ నా చేతిలోంచి కట్ట తీసుకోబోయింది.

“ఇది నేను చేస్తాను. నువ్వు వేరే కట్ట తీసుకో.”

“వరుసలో చేయాలన్నారు.”

ఆవిడ కట్టను నా చేతికే వదిలేసింది.

అది కొడుకు ఉత్తరం. ఓడలోంచి రాసింది. చావు కబురు అందిన చాలా రోజులకి, ఏ పడవలో చిక్కుకుపోయిందో గాని, తండ్రికి చేరింది. చిన్న ముక్క కాగితం. కంబళి అందింది, జున్ను అందలేదు. జ్వరం ఉంది, తగ్గుతుంది. మన గోధుమరంగు గుర్రప్పిల్లకి జీను అలవాటు చేశారా? నేను వచ్చేదాకా ఎవర్నీ ఎక్కనివ్వొద్దు, నాన్నా.

కాగితం తిప్పాను. వెనక తండ్రి రాత. ఎప్పటిలాగే మూడు ముక్కలు. నా కొడుకు దగ్గర్నుంచి. అందినది, తేదీ. జవాబు ఇచ్చినది. ఆ మాట రాసి ఉంది, దాని పక్కన ఏమీ లేదు. సిరా చుక్క కూడా లేదు.

“ఇక్కడ ఏం రాయమంటారు?” అన్నాను.

“ఖాళీ అని రాయి,” అంది పెద్దావిడ. గొంతు ఎప్పటిలాగే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, అలమరా తలుపు తీసి కవరు చించాను. పైన ‘అక్కా’ అని ఉంది, ‘క్క’ కిందికి జారిపోయి ఉంది. సాక్సులు అందాయట. పచ్చడి సీసా పగలకుండా చేరిందట, మావాళ్లు బ్రెడ్ మీద రాసుకుని వారంలో ఖాళీ చేశారు, ఒకడికి నోరు మండి నీళ్ల ట్యాంకర్ దగ్గరికి పరిగెత్తాడు అని రాశాడు. ఇక్కడ చలి ఉంటుందని ఎవరూ నమ్మరు అక్కా, ఉంది అని రాశాడు. చివర్లో ఇలా ఉంది:

‘షిప్‌లో కిడ్ గురించి నువ్వు మాట మారుస్తున్నావు. ఆ పేజీ వచ్చేసిందని నాకు డౌట్. మా ట్రక్కులో అందరూ వాడు బయటపడతాడని అంటున్నారు, నేను కూడా. ఏమైందో రాయి. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పొద్దు అక్కా. నేరుగా చెప్పు.’

తర్వాత పెన్ను తీసుకుని, కాగితం మడిచి, వెనక తెలుగులో రాశాను. తమ్ముడి దగ్గర్నుంచి. అందినది అని రాసి, కవరు వచ్చిన తేదీ వేశాను. జవాబు ఇచ్చినది అని కూడా రాశాను. దాని పక్కన ఖాళీ వదిలేసి పెన్ను మూత పెట్టాను.